ట్యాంకు నిండా పోసుకొని రాప్పా

చప్పుడు రాని ట్యాంకులు

మా వైపు బండి రిపేరుకు ఇచ్చే మనిషి ఇంటి దగ్గరే ఒక పని ముగించుకొని బయలుదేరుతాడు. ట్యాంకులో ఉన్న పెట్రోలు పైపుతో లాగి డబ్బాలో పోసుకుంటాడు. షాపు దాకా రావడానికి ఎంత కావాలో అంతే మిగుల్చుకుంటాడు. మెకానిక్ దగ్గర పెట్రోలు నిలవదని అందరికీ గట్టి నమ్మకం. మదనపల్లెలో టమోటా మండీలు నడిపేవాళ్ళు, లారీల కొద్దీ సరుకు ముక్కూ మొహం తెలియని డ్రైవర్ల చేతిలో పెట్టి పంపేవాళ్ళు కూడా, నా దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం ట్యాంకు ఖాళీ చేసుకొనే వచ్చారు.

పని నేర్చుకునే రోజుల్లో ఇది చూస్తే నాకు ఒళ్ళు మండేది. నేను దొంగనా అని అడగబోయి, పక్క షెడ్డులో జరిగేది తెలిసినవాణ్ణి కాబట్టి నోరు మూసుకునేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది. ఎంతగా అలవాటైందంటే, ఖాళీ ట్యాంకుతో వచ్చిన బండినే అసలు బండి అనుకునేంతగా.

మదనపల్లెలో నా షాపును ఇప్పుడు నా దగ్గరే పని నేర్చుకున్న షబ్బీర్ నడుపుతున్నాడు. "మామా, నువ్వు సెప్పేవన్నీ రాసిపెట్టు, పన్లోకి వచ్చే పిల్లోళ్ళు సదువుకుంటారు" అని వాడు నా వెంటపడ్డాడు. నేను బాగుచేసిన బండ్ల లెక్క చెబితే ఎవడికీ ఉపయోగం లేదు. నన్ను ఏడిపించిన బండి గురించి చెబుతాను. రిటైరయ్యాక కూడా నన్ను మళ్ళీ షాపులోకి లాక్కొచ్చిన బండి అది. దాని యజమాని ప్రాణం దాని మీదే ఆధారపడి ఉండింది.

ఉస్తాద్ అడిగే ప్రశ్న

ముందు మా ఉస్తాద్ గురించి కొంచెం చెప్పాలి. పుంగనూరు బస్టాండు వెనక సందులో మస్తాన్ సాబ్ రేకుల షెడ్డు ఉండేది. నా చేతికి పని వచ్చింది అక్కడే. ఆయన ఇంట్లో దక్కనీ ఉర్దూ, షెడ్డులో తెలుగు మాట్లాడేవాడు. కోపం వస్తే రెండూ కలిపేసేవాడు. ఏ బండి వచ్చినా ముందు ఒకటే ప్రశ్న.

"పైలే దమ్ దేక్ రే రెడ్డెప్పా. బండికి దమ్ ఉండాదా లేదా, అది సూడు ముందు."

దమ్ము అంటే మనకు తెలిసిన మాటే కదా. దమ్ముంటే రారా అంటాం. బండికి దమ్ము అంటే ఇంజనులో బలం అనుకున్నాను. కిక్ రాడ్ మీద కాలు పెట్టి మెల్లగా నొక్కితే లోపలి నుంచి ఎదురు తన్నాలి. తన్నితే పిస్టనూ రింగులూ బాగున్నట్టు, మెత్తగా దిగిపోతే అరిగిపోయినట్టు. నేను అలా నొక్కి చూస్తుంటే ఉస్తాద్ తల ఊపేవాడు. సరిగ్గా చూస్తున్నానని ఊపుతున్నాడనుకున్నాను. జీవితాంతం ఏ బండికైనా నేను ముందు చూసింది అదే.

తర్వాత మదనపల్లెలో ఇంకొకాయన దగ్గర చేరాను. పేరు అనవసరం. ఆయనకు బండి ఎందుకు ఆగిందో తెలుసుకోవాలన్న ఆసక్తి లేదు. "మార్సెయ్" అనేవాడు. కార్బురేటర్ మార్సెయ్, కాయిల్ మార్సెయ్, వైరింగ్ మార్సెయ్. అన్నీ మార్చాక ఎందులోనో ఒక దాంట్లో రోగం పోయేది. గిరాకీ కూడా బాగానే ఉండేది. నేను మాత్రం అక్కడ ఎక్కువ కాలం నిలవలేదు. రోగం ఎక్కడుందో తెలియకుండా పోయిన రోగం మళ్ళీ ఎప్పుడైనా తిరిగి రావచ్చు. ఆ భయంతో బండిని గేటు దాటించడం నా వల్ల కాలేదు.

కుప్పం నుంచి వచ్చిన ఎత్తు బండి

మునిరత్నం కుప్పం దగ్గర ఒక పల్లెవాడు. ఏనుగుల కాపలా పని చేస్తాడు. అడవిలోంచి ఏనుగులు ఏ గట్టు, అంటే ఏ కొండ, దిగుతున్నాయో కనిపెట్టి, అవి రాకముందే ఆ పక్క ఊళ్ళకు పోయి చెప్పాలి. రాగి చేనులో ఉన్నవాళ్ళను, టమోటా తోటలో ఉన్నవాళ్ళను ఇళ్ళకు పంపాలి. ఆ గట్లమీద జీపు పోదు, మామూలు బండి పోదు. అందుకని గుట్టలూ మట్టిదారులూ తొక్కడానికి చేసిన ఎత్తు బండి ఒకటి పాతది కొనుక్కున్నాడు. కుర్రాళ్ళు డర్ట్ బైక్ అంటారే, అది.

అమ్మినవాడు "సింగిల్ హ్యాండ్, ఫుల్ కండిషన్" అన్నాడట. ఈ రెండు మాటలూ కలిపి వినబడితే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

కుప్పంలో ఇద్దరు ముగ్గురు చూసి చేతులెత్తేశాక, ఖాళీ టమోటా ట్రేలు తెచ్చే మినీ లారీలో బండిని వేసుకొని మా షాపుకు వచ్చాడు. షబ్బీర్ ఫోన్ చేస్తే నేను వెళ్ళాను. సన్నటి మనిషి. మోచేతి మీద ఇంకా పచ్చిగా ఉన్న గాయం.

"పోతా పోతా నిలిచిపోతాందన్నా. రోజూ కాదు. ఎప్పుడు నిలుస్తాదో తెలీదు."

"ఆ చెయ్యి ఏమైందప్పా?"

"అదే చెప్తాండా. ఒంటి ఏనుగన్నా, మందలో కలవని మగది. ముందర ఊరోళ్ళకు చెప్పాలని గట్టు మింద పోతాండా. అది రాగి చేన్లో నుంచి అడ్డం వచ్చింది. తిప్పుకునేలోపల బండి నిలిచిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా లెయ్యలా. బండి ఆడే ఇడిసిపెట్టి రాళ్ళల్లో పడి పరిగెత్తినా."

"ఏనుగు?"

"బండి కాడికొచ్చి నిలబడింది. తొండంతో సీటు తడివి సూసింది. నా దేవుడు ఉండాడు, ఎనక్కి తిరిగి పోయింది. శానాసేపటికి నేను పోయి, పెట్రోలు ఉండాదా లేదా అని మూత తీసి సూసి కిక్కు కొడితే ఒక్క దెబ్బకే లేసింది. నన్ను ఎగతాళి చేసినట్టు."

వాడి భార్య సెల్వి ఫోన్లోనే నాతో మాట్లాడింది. ఆమెది సరిహద్దు అవతలి పల్లె, మాటలో తమిళం కలుస్తుంది. "అన్నా, బండన్నా బాగుపడాల, లేకపోతే ఈయన ఆ పనన్నా మానాల. రెండింట్లో ఏదో ఒకటి మీరే చెప్పండి" అంది.

పని మానే ఉద్దేశం మునిరత్నానికి లేదు. ఆ గట్లమీద అంత బాగా దారి తెలిసినవాడు ఇంకొకడు లేడని, తాను మానితే చేలల్లో ఉన్నవాళ్ళకు చెప్పేవాడుండడని వాడి బాధ. అందుకే బండి బాగుచేసి తీరాలని అప్పుడే నిర్ణయించుకున్నాను. రిటైరయ్యానన్న మాట పక్కన పెట్టాను.

రంగు కింద

కొత్త రంగు వేసిన పాత బండిని నేను ఎప్పుడూ నమ్మను. గోకి చూశాం. మెడ దగ్గర ఫ్రేము పగిలి, దాని మీద వెల్డింగు, వెల్డింగు మీద రంగు. ఎయిర్ ఫిల్టర్ నుంచి కార్బురేటర్‌కు పోయే రబ్బరు గొట్టం చీలి ఉంటే, పైన నల్ల టేపు చుట్టి మసి పూసి పెట్టారు. ఇంజను ఆయిల్ దింపితే పాకంలా చిక్కగా దిగింది. అరిగిన ఇంజను చప్పుడు వినబడకుండా ఉండటానికి పోసే దొంగ ఆయిల్ అది. దాని అడుగున సన్నటి తెల్లటి పొడి. వేళ్ళ మధ్య రుద్దితే కరకరలాడింది.

"క్వారీ బండి మామా ఇది" అన్నాడు షబ్బీర్.

కుప్పం పక్క గ్రానైటు క్వారీల్లో తిరిగిన బండి. చీలిన గొట్టంలోంచి రాతిపొడి పీల్చుకొని పిస్టన్ గీసుకుపోయింది. కాలుతో నొక్కి చూస్తే దమ్ము లేదు. ఇంకేం కావాలి? దొంగ దొరికాడు అనుకున్నాను.

ఇంజను విప్పాం. గీసుకుపోయిన సిలిండరును బోరు చేయించి కొత్త పిస్టన్ వేశాం. గొట్టం మార్చాం. ఫ్రేముకు మళ్ళీ సరైన వెల్డింగు పెట్టించాం. ట్యాంకు పక్కన తీసిపెట్టి, మేం ఎప్పుడూ చేసేటట్టు, పెట్రోలు సీసా ఒకటి హ్యాండిల్‌కు కట్టి సన్న పైపుతో కార్బురేటర్‌కు ఇచ్చి ఇంజను నడిపించాం. గడియారంలా తిరిగింది. బండి ఎక్కించి పంపాను.

కొద్ది రోజులకే ఫోను. మళ్ళీ ఆగింది. ఈసారి ఎదురుగా ఏనుగు లేదు కాబట్టి మునిరత్నం నాతో మాట్లాడగలిగాడు.

బండి మళ్ళీ వచ్చింది. వేడెక్కితే స్పార్క్ పుట్టించే కాయిల్ చచ్చిపోయి, చల్లారితే బతుకుతుందేమో అనుకున్నాను. అలాంటి రోగాలు నేను చూశాను. కాయిల్ పక్కనే బల్బు పెట్టి వేడి చేసి చూశాం. స్పార్క్ పోలేదు. వైర్లన్నీ ఊపి చూశాం. వాల్వుల సందు మళ్ళీ చూశాం. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా సీసాతోనే ఇంజను తిప్పాం. ఒక్కసారి కూడా దగ్గలేదు. చివరికి ఆ "మార్సెయ్" ఓనరు గుర్తొచ్చి సిగ్గుపడుతూనే కాయిల్ మార్చి పంపాను.

మళ్ళీ ఆగింది.

షబ్బీర్ నాతో మెల్లగా అన్నాడు. "ఇంక వద్దు మామా. ఇంకో బండి సూసుకోమని చెప్దాం."

"ఇంకో బండి ఆగితే?" అన్నాను. "ఆగేది ఎందుకో తెలిసే దాకా నేను ఇంటికి పోను. నీకు విసుగొస్తే నువ్వు పో."

వాడు పోలేదు. టీ తెప్పించాడు.

సెల్వి చెప్పిన మాట

మూడోసారి బండితోపాటు సెల్వి కూడా వచ్చింది. మినీ లారీ దిగీ దిగగానే చేతులు కట్టుకొని నా ముందు నిలబడింది. తిట్టడానికే వచ్చిందని మొహం చూస్తేనే తెలుస్తోంది. నేనూ చిరాకుగానే ఉన్నాను. బండి పట్టుకొని ఊపాను. ఎప్పటిలాగే ఖాళీ.

"ఏమ్మా, ఇంత దూరం తెస్తారు, ఒక గుక్కెడు పెట్రోలన్నా ఉంచకూడదా? నడిపి సూడాలంటే ప్రతిసారీ నేనే పోసుకోవాల" అన్నాను.

"మెకానిక్కుల కాడ పెట్రోలు నిలుస్తాదా అన్నా? నేనే తీసి క్యాన్లో పెడతాను. ఈయనకు ఆ గ్యానం లేదు. మళ్ళీ ఏనుగులొచ్చే దినం నిండా పోసుకొని పోతాడు కదా, అప్పుడు పోస్తాను."

ఊపుతున్న బండిని వదిలేసి ఆమె వైపు తిరిగాను.

"నిండా పోసేది ఎప్పుడంటివి?"

"ఏనుగుల కబురొచ్చినప్పుడన్నా. ఎంత దూరం తిరగాల్నో తెలీదు కదా. మామూలు దినాల్లో ఊర్లో తిరిగేదానికి లీటరో అరలీటరో పోస్తాం."

మునిరత్నం వైపు తిరిగాను. "నిలిచిపోయిన దినాలన్నీ నిండా పోసిన దినాలేనా?"

వాడు ఆలోచించాడు. ఆలోచించే కొద్దీ కళ్ళు పెద్దవయ్యాయి. "అవునన్నా. ఊర్లో తిరిగినప్పుడు ఒక్కసారి కూడా నిలబడలా. నిండుగా ఉండాది కదా, పెట్రోలు సమస్య కాదులే అనుకునేవాణ్ణి."

మేమందరం అలానే అనుకున్నాం. నిండు ట్యాంకుతో ఆ బండి మా షాపు గడప ఎప్పుడూ తొక్కలేదు. మేం నడిపిందంతా సీసాతో, లేదా ట్యాంకులో చారెడు పోసి వీధి చివరిదాకా. పైగా ప్రతిసారీ బండి ఎక్కే ముందు మూత తీసి లోపలికి తొంగిచూడటం. అది మన చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

"షబ్బీర్, బండి తీ. బంకుకు పోదాం" అన్నాను.

కొండెక్కిన బండి

ట్యాంకు అంచు దాకా నింపించి, మూత బిగించి, దాని మీద అడ్డంగా టేపు వేశాను. నేను చెప్పేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదని మునిరత్నంతో ఒట్టు వేయించుకున్నాను. హార్స్‌లీ హిల్స్ ఘాట్ రోడ్డయితే ఇంజను మీద బరువు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మునిరత్నం నడుపుతుంటే వెనక నేను. ఆ ఎత్తు సీటు మీద నన్ను ఎక్కించడానికి షాపు ముందు బెంచీ కావాల్సి వచ్చింది. సెల్వి అప్పుడు మొదటిసారి నవ్వింది. ఆమె, షబ్బీర్ ఇంకో బండి మీద మా వెనకే వచ్చారు.

కొండ మొదలై కొన్ని మలుపులు తిరిగామో లేదో, బండి ఒక్కసారి వణికింది. మళ్ళీ లాగింది. మళ్ళీ వణికి, దగ్గి, చచ్చిపోయింది.

నా సంతోషం చూసి మునిరత్నానికి నా మతి పోయిందనిపించి ఉంటుంది. వాడి చెయ్యి అలవాటు కొద్దీ మూత మీదకు పోయింది. గబుక్కున పట్టుకున్నాను.

"ముట్టొద్దు!"

కిక్కు కొట్టమన్నాను. లేవలేదు. మళ్ళీ కొట్టమన్నాను. లేవలేదు. ఏనుగు ముందు నిలబడినప్పుడు జరిగింది సరిగ్గా ఇదే. షబ్బీర్, సెల్వి వచ్చి నిలబడ్డారు. అందరినీ మాట్లాడకుండా ఉండమని, టేపు పీకి, చెవి ట్యాంకుకు ఆనించి, మూత మెల్లగా తిప్పాను.

హుస్స్... అంటూ గాలి లోపలికి పోయింది. నీళ్ళలో ముంచిపెట్టిన మనిషి తల బయటికి తీసి పీల్చినట్టు పీల్చింది ఆ ట్యాంకు.

కిక్కు కొట్టమన్నాను. ఒక్క దెబ్బకే లేచింది.

"ఏంది మామా అది?" అన్నాడు షబ్బీర్.

"ఊపిరాడటం లేదురా దీనికి."

"దమ్ ఘుట్రా అను" అన్నాడు వాడు మామూలుగా. వాళ్ళింట్లో ఊపిరి ఆడకపోవడానికి అనే మాట అది.

రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చుండిపోయాను. పైలే దమ్ దేక్ రే. దమ్ అంటే ఊపిరి. బండి లోపలికి గాలి ఎలా తీసుకుంటుంది, ఎలా వదులుతుంది, దారులన్నీ తెరిచి ఉన్నాయా లేదా, అది చూడమని ఆయన చెప్పింది. నేను కిక్ రాడ్ నొక్కినప్పుడు తల ఊపాడంటే, ఊపిరి పట్టి ఉందా లేదా అన్నది కూడా అందులో ఒక భాగం కాబట్టి. మిగతా భాగం నేను అడగలేదు, ఆయన విడమరిచి చెప్పలేదు. ఆయన లేడిప్పుడు. ఉంటే పుంగనూరు పోయి ఆ చేతులు పట్టుకునేవాణ్ణి. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. సెల్వి నీళ్ళ బాటిల్ ఇచ్చి పక్కన కూర్చుంది.

ట్యాంకులోంచి పెట్రోలు దిగుతుంటే దాని చోటులోకి గాలి రావాలి. రాకపోతే పెట్రోలు దిగదు. అందుకే మూతలో సన్నటి దారి పెడతారు. ఈ బండికి ఆ దారి మీద చిన్న గొట్టం కూడా ఉంది. గొట్టం కనబడింది కాబట్టి దారి ఉందనుకొని నేను దాన్ని దాటిపోయాను. షాపుకు వచ్చి మూత లోపలి వాషరు పెరికితే కింద ట్యాంకు చిల్లులు మూసే గట్టి ముద్ద నిండా కూరి ఉంది. రాతిపొడి పెట్రోలులో పడుతుందని క్వారీలో ఎవడో మూసేసి ఉంటాడు. ఎక్కడో వెంట్రుకంత సందు మిగిలి, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఆ లోపలి గాలితోనే కొంత దూరం నెట్టుకొచ్చింది. నిండుగా ఉంటే లోపల గాలికే చోటు లేదు. నిండా పోసుకొని బయలుదేరిన ప్రతిసారీ, మునిరత్నం తనకు తెలియకుండానే బండి గొంతు నొక్కుతున్నాడు.

ముద్ద తొలిచి దారి శుభ్రం చేశాను. మళ్ళీ అంచుదాకా నింపించి, మళ్ళీ టేపు వేసి, అదే కొండ ఎక్కాం. ఈసారి పైదాకా ఆగలేదు. పైన చల్లటి గాలిలో నిలబడి టీ తాగుతుంటే మునిరత్నం బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

పిల్లలకు

చేతి పని మీకు ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పేది ఇది. రోగం ఎక్కడ కనబడుతుందో ఆ చోటికి, ఆ తీరులోనే బండిని తీసుకుపోండి. మన వీలు కోసం సీసా కట్టి, బెంచీ మీద పెట్టి నడిపితే అది మన బండి అవుతుంది, యజమాని బండి కాదు. ఒక తప్పు దొరకగానే పండగ చేసుకోవద్దు. ఆ బండిలో నేను పట్టిన తప్పులన్నీ నిజమైనవే, అన్నీ సరిచేయాల్సినవే, కానీ మనిషిని చంపబోయింది వాటిలో ఒక్కటీ కాదు. మూత తీసే ముందు చెవి పెట్టి వినండి. పెద్దవాళ్ళు చెప్పిన మాట అర్థమైందనుకున్నప్పుడు కూడా ఇంకోసారి అడగండి.

షాపులో ఇప్పుడు ఏ బండికి ఫోన్ వచ్చినా షబ్బీర్ అనే మాట ఒకటే, "ట్యాంకు నిండా పోసుకొని రాప్పా." చాలామంది నవ్వుతారు. కొందరు ఫోను పెట్టేస్తారు.

మినీ లారీ

వానలు మొదలయ్యాక మునిరత్నం ఫోన్ చేశాడు. అదే ఒంటి ఏనుగు, దాదాపు అదే చోటు. ట్యాంకు నిండుగా ఉండిందట. ఏనుగు గట్టెక్కి అడ్డం రాగానే బండి అక్కడికక్కడే తిప్పాడు.

"నిలబడలేదన్నా" అన్నాడు. "నిలబడలేదు. ముందర ఊరోళ్ళందరికీ చెప్పేసినా."

సెల్వి మాట్లాడుతుందేమో అనుకున్నాను. ఫోను ఆమె తీసుకోలేదు.

తర్వాత ఒక పొద్దున షబ్బీర్ రమ్మన్నాడు. కుప్పం బండి చైను మార్చడానికి వచ్చిందట. నేను వెళ్ళేసరికి మినీ లారీలో ట్రేల మధ్య అది నిటారుగా నిలబడి ఉంది, నాలుగు వైపులా తాళ్ళతో కట్టి.

"పడుకోబెట్టి తేవచ్చు కదప్పా, ఇంత కష్టం యాల?" అన్నాను డ్రైవర్‌తో.

"సెల్వక్క ఒప్పుకోలేదన్నా. వంచితే కారిపోతాదంట. రెడ్డెప్పన్న కాడికి పోయే బండి, ఒక్క సుక్క కూడా తగ్గకూడదనె."

దించాక రెండు చేతులా పట్టుకొని ఊపాను. బండి బరువుగా కదిలింది. లోపల చప్పుడు లేదు, అంచుదాకా ఉంది. షబ్బీర్ అలవాటు కొద్దీ సీసా, పైపు పట్టుకొని వచ్చాడు. వాటిని లోపల పెట్టేయమన్నాను.